ఇంటికి రాబోయే మనిషి

స్నానాలగది నేలను తల్లి మూడోసారి తుడిచి, వట్టి కాళ్ళతో దాని మీద నడిచి చూసింది. జారలేదు. అయినా నమ్మకం కుదరక భర్తను పిలిచి నడిపించింది.

"నేను పడితేగానీ నీకు తృప్తిగా ఉండదా?" అన్నాడతను.

"మీరు పడితే లేస్తారు. తను పడితే?"

"ఇలా వణికిపోతే ఆ అధికారి తనను ఇవ్వడం అటుంచి, మనల్నే పట్టుకుపోతుంది."

కొత్త చట్టం కింద దత్తత ఇచ్చేముందు ఇల్లు చూడాలట. అధికారి సరేనంటేనే తను వస్తుంది. కాదంటే లేదు.

గోడ అవతలి నుంచి పక్కింటావిడ తల ఎత్తింది. "ఎవరింటి రక్తమో ఏమో! టీవీలో ఈ చట్టం మీద ఎలా కొట్టుకుంటున్నారో చూశావా? కుటుంబమంటే గవర్నమెంటు పంచిపెట్టేదా, చెప్పు?"

తల్లి గబగబా ఇంట్లోకి వచ్చేసింది. నిజమే కదా! కొత్తచోట బెంగపెట్టుకుంటే? అర్ధరాత్రి లేచి ఏడిస్తే? అసలు నా మొహం చూడగానే అటు తిరిగిపోతే? ఆ కంగారులో టేబుల్ మూలలకు గుడ్డలు చుడుతూ, పక్కనున్న స్టూలుకు కూడా చుట్టేసింది.

అధికారి వచ్చింది. మంచం ఎత్తు చూసింది. కిటికీ గడియలు లాగింది. మందులు ఏ అరలో పెడతారో అడిగింది. గుడ్డలు చుట్టుకున్న స్టూలును మాత్రం చాలాసేపు చూసింది.

"మీకొక పాప ఉందిగా. ఇంకొకరి బాధ్యత కూడా ఎందుకు?"

"దానికోసమేనండీ. మేమిద్దరం పనుల్లోకి పోతాం. బడి నుంచి వచ్చి తాళం అదే తీసుకుంటుంది. ఇంట్లో ఇంకో ప్రాణి ఉంటే..." అంది తల్లి.

పాప తలుపు చాటునుంచి ఊడిపడింది. "మా క్లాసులో అందరికీ ఉన్నారు ఆంటీ, నాకొక్కదానికే లేరు. నా గదిలోనే పడుకోవాలి. సగం దుప్పటి ఇచ్చేస్తా!"

అధికారి నవ్వాపుకుంది. "ముందే చెబుతున్నా. కొంచెం మొండి. పళ్ళు ముందు రెండే, అన్నీ మెత్తగా ఉండాలి. రాత్రి కథ లేకుండా నిద్ర లేదు. పోయినసారి ఒకింటివాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి తెచ్చి దింపేశారు. ఆ బాధ మళ్ళీ పెట్టలేం. మీరలా చెయ్యరుగా?"

"ప్రాణం పోయినా పంపనండీ!" అనేసింది తల్లి. అన్న మరుక్షణమే నీరసపడిపోయింది. "మేమే నచ్చకపోతే?"

"అది ఇప్పుడే తేల్చుకుందాం. కారులో కూర్చోబెట్టే వచ్చాను."

తల్లి చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. కారు దగ్గర ఆగి కొంగు సర్దుకుంది.

తలుపు తెరుచుకుని ముందు చేతికర్ర, దాని వెనకే ఒక నెరిసిన తల బయటికొచ్చాయి, తల్లిని ఎగాదిగా చూసి, "ఏంటమ్మాయ్, మొహం అలా పీక్కుపోయింది, పొద్దుటినుంచి ఏమన్నా తిన్నావా లేదా?" అని కసిరింది, ఆ ఇంటికి దత్తత వచ్చిన నానమ్మ.