జానెడు ఎడం

"ఆ ఎయిర్ ఫ్రయర్‌ని గోడకి జానెడు ఎడంగా జరిపే ఆఫీసుకెళ్లావా అమ్మాయ్?" కూతురింటికి చేరగానే అత్తగారు ఫోన్లో అడిగిన మొదటి మాట అది.

కోడలు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది. "రోజూ దాన్ని ముందుకి లాగేది మీరేగా అత్తయ్యా? అడ్డంగా ఉంటోందని నేను రోజూ వెనక్కి నెడుతున్నాను."

"నెట్టకు తల్లీ. దాని వెనకనించి సెగ కొడుతుంది. గోడకున్న ప్లగ్గు అప్పుడే కమిలిపోయింది. కాలిన వాసన వస్తోందని వాడికీ చెప్పాను."

"ఏమన్నారు?"

"నీకన్నీ అనుమానాలే అన్నాడు."

కోడలి నవ్వు ఆగిపోయింది. మొన్న తనూ అదే మాట అంది.

"ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" అత్తగారు అడిగింది.

"ఆయనే. సెలవు పెట్టారు. బంగాళాదుంపలు అందులో పడేసి కాసేపు నడుం వాలుస్తానని ఇందాకే మెసేజ్ పెట్టారు."



"ఫోన్ పెట్టెయ్. వాణ్ణి లేపు."

కోడలు భర్త నంబరు నొక్కింది. రింగవుతోంది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది.

పొద్దున అత్తగారు బస్సెక్కగానే, ఇక ముందుకి లాగేవాళ్లు లేరు కదా అని, వేలు కూడా దూరనంతగా దాన్ని గోడకి ఆనించి వచ్చింది తనే.