గిన్నె పడింది

చూపులేని పిల్లలందరికీ ఇచ్చినట్టే నూకరత్నానికీ తొమ్మిదో తరగతిలో బడివాళ్లు కళ్లజోడు ఇచ్చారు. ఎదురుగా ఏముందో, నల్లబల్ల మీద లెక్కతో సహా, అది చెవిలో చెబుతుంది; అడిగితే పక్కనున్నదీ చెబుతుంది. ఇంటికి రాగానే తల్లి పైడమ్మ, "సార్జింగైపోద్దే" అంటూ దాన్ని తీసి గూట్లో పెట్టేసేది.

ఆ సాయంత్రం, మర్నాడు పరీక్ష ఉందని రత్నం తీయనివ్వలేదు. కాసేపటికి వంటింట్లో ధన్‌మని చప్పుడైంది.

"ఏటమ్మా అది?"

"గిన్నె పడిందే." ఏళ్లుగా అదే జవాబు.

రత్నం గుమ్మంలోకి వచ్చింది. కళ్లజోడు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది: "నేల మీద గిన్నెలు లేవు. ఒక స్త్రీ పడి ఉంది. నోటినుంచి రక్తం. ఒక పురుషుడు జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకు కొడుతున్నాడు."

"నా పక్కన ఏటుంది?" రత్నం మెల్లగా అడిగింది.

"కుడివైపు గోడకు ఆనించి రోకలి."

"మా నాన్న?"

"మూడడుగుల్లో. వీపు నీవైపు ఉంది."

తండ్రి అరవనైనా లేదు. రోకలి రెండో దెబ్బకు కళ్లజోడు, "పురుషుడు కదలడం లేదు" అంది.

గోడవతలనుంచి పక్కింటావిడ కేకేసింది. "ఏటే పైడమ్మా, ఆ సప్పుడు?"

పైడమ్మ నోట్లో రక్తం మింగి, కూతురి చేతిలోని రోకలి తను తీసుకుంది.

"గిన్నె పడింది వదినా."