పోటు తగిలిన పొలం

"లైసెన్స్ లేకుండా ఇక్కడ వల వెయ్యకూడదు దీదీ!" రోడ్డు మీంచి కేకేశాడు ఫిషరీస్ గార్డు యుగంధర్.

మోకాలి లోతు నీళ్లలో ఉన్న కనకలక్ష్మి తలెత్తి చూసింది. "ఇది మా వరిపొలం బాబూ. సునామీ నీళ్లు ఇంకా వెనక్కి పోలేదు, అంతే."

"అలా కాదు. కానూన్‌లో టెరిటోరియల్ వాటర్ అని ఒక మాటుంది. పోటుకి పెరిగి ఆటుకి తగ్గే నీళ్లు ఎక్కడున్నా అందులోకే వస్తాయని మా సాబ్ అర్థం చెప్పారు. అంటే సముద్రమే."

"అడుగున మా గట్లున్నాయి. కాలికి తగుల్తున్నాయి."

"గట్లున్నా సముద్రమే."

ఆమె వల లాక్కొచ్చి అతని ముందు పెట్టింది. గొడవవుతుందనుకుని వచ్చిన యుగంధర్ తడబడ్డాడు. "వల నాకెందుకు దీదీ? లైసెన్స్ తీసుకో, చాలు."

"మళ్లీ పొలం అవదా?"

"ఐదేళ్లయింది కదా. ఇంకేం అవుతుంది!"

కనకలక్ష్మి వంగి, దోసెడు నీళ్లు తీసి కళ్లకద్దుకుంది. ఈ నీళ్లలో రోజూ దిగుతున్నా ఆమె ఏనాడూ దండం పెట్టలేదు. వరిమడిలో దిగేవాళ్లు గంగమ్మకి మొక్కరు కదా.

"సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్న మా ఆయన వరికుప్ప చూసొస్తానని ఇటే వచ్చాడు," అంది, మామూలు గొంతుతోనే. "ఇన్నాళ్లూ ఎవరడిగినా పొలానికెళ్లాడనే చెప్తున్నాను."

కనకలక్ష్మి వల తీసి భుజాన వేసుకుంది.

"ఇంక సముద్రంలో పోయాడని చెప్పాలన్నమాట."