చైనా అక్షరాలు

"మళ్లీ కోడ్ అడుగుతాంది అన్నా," అన్నాడు రమాకాంత్ ఫోన్‌లో.

"అడగనియ్. నువ్వు ఆడుకుంట పో," అన్నాడు అవతలి నుంచి అన్న కుమారస్వామి.

"ఆరో కోట దాటుతలేను. చిన్నప్పుడే దాటలే, ఇప్పుడు దాటుతనా?"

హనుమకొండ చౌరస్తా దగ్గర రమాకాంత్‌ది గేమ్ మిషన్లు బాగుచేసే చిన్న దుకాణం. పాత గేమ్ క్యాసెట్లను కొత్త మిషన్ల మీద ఆడించడంలో అతనికి మంచి పేరుంది. చిన్నప్పుడు అన్న ఎక్కడి నుంచో కొనుక్కొచ్చిన పాత క్యాసెట్ ఒకటి ఇంట్లో మిగిలితే, వారం రోజులు తంటాలు పడి దానికి సరిపడే అడాప్టర్ తానే తయారుచేశాడు. ఆట మొదలైంది. కానీ వెడల్పు టీవీలో బొమ్మ అడ్డంగా సాగి, కత్తివీరుడు నీళ్ల గాబులా కనిపించాడు.

"మన లెక్కనే వాడూ లావైండు తమ్మి!" వీడియోలో చూసి అన్న నవ్వాడు. నవ్వు పూర్తికాకుండానే ఆయాసం వచ్చింది.

ఎల్లుండి అన్నకు గుండె ఆపరేషన్. ధైర్యం చెప్పబోతే ఆయన కోరింది ఒక్కటే.

"ఏడో కోటల ఆఖరి తలుపు వెనక ఏమున్నదో జర చూపియ్యిరా. చూసి ఆపరేషన్ గదిలకు పోత."

ఆ మాట విన్నప్పటి నుంచి రమాకాంత్‌కు అన్నం సయించడం లేదు.

ఆరంకెల కోడ్ కొడితే నేరుగా ఏడో కోటకు పోవచ్చు. కానీ అది పేరూ ఊరూ లేని చైనా క్యాసెట్. నెట్‌లో ఎంత వెతికినా దాని జాడ లేదు. వెనక అంటించిన చీటీ మీద మాత్రం ఎవరో పెన్నుతో రాశారు: ౭౨౪౯౬౩.

అవి చైనా అక్షరాలని అన్నదమ్ములు చిన్నప్పుడే తేల్చేశారు. ఇప్పుడు రమాకాంత్ వాటిని ఫొటో తీసి, చైనా భాషలో అర్థం వెతికాడు. ఫోనూ చేతులెత్తేసింది.

గుమ్మంలో అలికిడైంది. అరవై దాటిన ఒకావిడ, చేతిలో భద్రకాళి గుడి ప్రసాదం పొట్లం.

"రీచార్జ్ ఇక్కడ చెయ్యమమ్మా."

"రీచార్జ్ కాదు బిడ్డా. పాట వినవడితే ఆగిన."

"గది పాట కాదు, గేమ్."

"ఔనా," అందావిడ. కానీ కదల్లేదు. తెర వంకే చూస్తూ నిలబడింది. కాసేపటికి బల్ల మీదున్న కంట్రోలర్ వైపు మెల్లగా చేయి చాపింది.

"ముట్టకమ్మా! ఖరాబైతది," కసిరాడు రమాకాంత్.

చేయి చటుక్కున కొంగు చాటుకు పోయింది. ఆవిడ చూపు మాత్రం క్యాసెట్ మీద నిలిచింది.

"ఏందో తిప్పల పడ్తానవు?"

"ఈ చైనా అక్షరాలు చదవొస్తలేవు. నీకొస్తే చెప్పు," అన్నాడు ఎకసెక్కంగా.

ఆవిడ వంగి చూసింది.

"చైనాయి ఎందుకైతయి బిడ్డా? తెలుగు అంకెలు గదా. మా నాయిన భాగవతం ముందటేసుకొని నేర్పిండు. పేజీల మీద గివే ఉంటుండె. ఏడు, రెండు, నాలుగు, తొమ్మిది, ఆరు, మూడు."

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివినవాడు రమాకాంత్. తన అంకెలే తనకు చైనావి అయ్యాయి!

సిగ్గుపడే తీరిక కూడా లేదు. గబగబా నొక్కాడు. ఏడో కోట తెరుచుకుంది.

"వంతెన ఎక్కకు," వెనక నుంచి ఆవిడ గొంతు. "కిందికి దుంకు. పడ్డట్టే ఉంటది, పడవు."

దూకాడు. నిజంగానే పడలేదు. నీళ్ల కింద ఒక దారి ఉంది. ఆ దారి పట్టుకుని పోయి ఆఖరి తలుపు ముందు నిలిచాడు. ఆటను అక్కడే ఆపి, సంతోషంగా వెనక్కి తిరిగాడు.

గుమ్మం ఖాళీగా ఉంది.

రోడ్డు మీదకు పరిగెత్తాడు. ఆటోలు, బస్సులు, జనం. ఆవిడ ఎక్కడా కనిపించలేదు. పేరైనా అడగలేదు. కూర్చోమనైనా అనలేదు.

ఆటను ఆపినచోటే దాచిపెట్టుకునే గుణం కొత్త మిషన్‌కు ఉంది. సాయంత్రం దాన్ని ఊళ్లోనే కాశిబుగ్గలో ఉన్న అన్న ఇంటికి తీసుకుపోయి, ఆ తలుపు అన్న చేతనే తీయించాడు.

లోపల రాకుమారి లేదు. నిధీ లేదు. ఒక చాప ఉంది. వీరుడు కత్తి పక్కన పెట్టి, చాప మీద వాలి హాయిగా నిద్రపోయాడు.

"గింతేనా!" అన్న పడీ పడీ నవ్వాడు. "గింత నిద్రకు ఏడు కోటలారా!"

కంట్రోలర్ పక్కన పెట్టి, "మంచిగున్నది తమ్మి. ఎల్లుండి నేనూ గట్లనే పండుకొని లేస్త," అన్నాడు.

రమాకాంత్ క్యాసెట్ బయటికి తీశాడు.

"ఇంతకు ఆ చీటీ ఎవలు చదివిండ్రు?" అడిగాడు అన్న.

రమాకాంత్ అంతా చెప్పాడు. గుడి నుంచి వస్తున్న పెద్దావిడ గురించి, ఆవిడకు అంకెలు నేర్పిన భాగవతం గురించి, వంతెన గురించి.

అన్న నవ్వు ఆగిపోయింది.

"భాగవతం చదివితే అంకెలొస్తయి, నిజమే. వంతెన కిందికి దుంకాలని ఏ భాగవతంల ఉన్నదిరా?"

రమాకాంత్ క్యాసెట్ తిప్పి చీటీ చూశాడు.

"ఈ క్యాసెట్ నువ్వెక్కడ కొన్నవన్నా?"

"కొత్తవాడల. ఎవలో మగ్గం సామాను బండికెక్కించి, ఇల్లు ఖాళీ చేస్తుండిరి. ఒకామె దీన్ని కొంగుతోని తుడిచి ఇచ్చింది. చీటీ చింపకు బిడ్డా అన్నది."

అన్న గొంతు తగ్గింది.

"మీ కొడుకు అన్ని కోటలు గెలిచిండా అమ్మా అని అడిగితే నవ్వి, నాకు పిల్లలు లేరు బిడ్డా అన్నది."