అభయహస్తం

చీకటిపడి చాలాసేపైనా చిత్రకారుడి విసుగు చల్లారలేదు. తెల్లారేసరికి అప్పగించాల్సిన అమ్మవారి పటం అది. నాలుగు చేతుల్లో మూడు బుద్ధిగానే ఉన్నాయి. నాలుగోదే, అరచెయ్యి చూపిస్తూ "భయపడకు" అనాల్సిన అభయహస్తం, అతను రంగు కలుపుకుని తలెత్తేసరికి కిందికి దిగిపోతోంది. చెరిపి మళ్ళీ వేశాడు. మళ్ళీ దిగింది.

"ఏమే! నా పటం జోలికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని వంటింటివైపు అరిచాడు.

భార్య తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. "నాకేం పనిలేదా, మీ పటం ముట్టుకోడానికి? అయినా ఏమైందిప్పుడు? చెయ్యి చక్కగా పైకే ఉందిగా!"

నిజమే. పైకే ఉంది.

"ముందా కళ్ళజోడు మార్పించుకోండి," అని సణుక్కుంటూ ఆవిడ వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

అతను పటంవైపు తిరిగాడు. చెయ్యి దిగి ఉంది. వేలితో తాకి చూశాడు. ఎప్పుడో వేసినట్టు రంగు పొడిగా ఆరిపోయి ఉంది.

తిట్టబోయి ఆగిపోయాడు. భయపడకని ఆవిడకు చెప్పింది అమ్మవారు. తనకే చెప్పడం లేదు.

గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో అలికిడి లేదు. లేదనే అనుకున్నాడు ఇంతసేపూ.

"ఏమే," అన్నాడు, వెనక్కి తిరక్కుండా. "ఆ గిన్నెలు రేపు తోముకోవచ్చులే. ఇలా వచ్చి నా పక్కన కూర్చో."