మగ్గాల మోత

"నోరు తెరువు బావా. వాళ్లంతా ఉత్త బొమ్మలే!"

సభాభయం పోవాలని మరదలు తగిలించిన వీఆర్ కళ్లజోడులో హాలు నిండా జనం. నేతమిల్లు మేస్త్రీకి గొంతు పెగల్లేదు. రేపు సభలో యజమానులను ఒప్పించలేకపోతే మూతపడ్డ మిల్లు ఇక తెరవరు.

"మిల్లులో నువ్వు అరిస్తే వీధిలో మా అక్క ఉలిక్కిపడేది. ఇప్పుడేమైంది?"

"భయం జనమంటే కాదే, ఈ నిశ్శబ్దమంటే. మగ్గాల మోతలో బతికినోణ్ణి. నా గొంతు నాకే వినబడుతుంటే ఒళ్లు చల్లబడుతోంది."

ఆమె ఫోనులో మిల్లు పాత వీడియో పెట్టింది. మగ్గాలు దడదడలాడాయి. మేస్త్రీ గడగడా మాట్లాడేశాడు. వీడియో ఆగింది. మాటా ఆగింది.

"రేపక్కడ ఈ మోత ఉండదుగా. నా వల్ల కాదు."

"మోత లేదనేగా బావా మన ఏడుపంతా!"

మేస్త్రీ బొమ్మల జనంవైపు తలెత్తాడు.

"అయ్యా, మిల్లువైపు ఒక్కసారి చెవి పెట్టండి. ఏమన్నా వినబడుతోందా?"