మడమ కింది పెడలు

పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకున్న భార్య కృపావతిని చిల్లకల్లులో దించడానికి వరప్రసాదరావు ట్రాక్టరు తీశాడు. ఊరు దాటగానే నల్లరేగడి డొంకలో అది దిగబడింది.

ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతోంది. గట్టినేల మీదున్న కుడి చక్రం కదలనంటోంది.

"తేలిగ్గా తిరిగే చక్రానికే ఇంజను బలమంతా పోద్ది. మనమేం చేస్తాం!" అన్నాడతను, గంటలో నాలుగోసారి.

మడ్‌గార్డు మీద కూర్చున్న కృపావతి పెట్టె ఒళ్ళోకి లాక్కుని అతని కాళ్ళ వైపు చూసింది.

"పాస్టరుగారి ముందు నీ కోడికూరకి వంకపెట్టడం నాదే తప్పు," అన్నాడు చివరికి.

ఆమె మూతి తిప్పుకుంది గాని నవ్వు ఆగలేదు.

అప్పుడు గాని అతని మడమ సీటు కిందున్న చిన్న పెడలును తొక్కలేదు. రెండు చక్రాలూ లాకుపడి ఒక్కటిగా తిరిగాయి. ట్రాక్టరు గట్టెక్కింది.

"అంతా దేవుడి దయ!" అన్నాడు వరప్రసాదరావు.

"ముందు ఆ లాకు మీద కాలు తియ్యండి, అది పడి ఉంటే బండి మలుపు తిరగదు. మా నాన్న ట్రాక్టరు తోలినదాన్ని, గంట నించీ మీ మడమే చూస్తున్నా. ఇంటికి తిప్పండి."